రెంటచింతలలో ఆహ్లాదకర వాతావరణం

ఉపోద్ఘాతం

ఈ డైరీని ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా తనిఖీ చేయగల మహనీయులైన అధికారులకు సవినయంగా విన్నవించునది: తమరెవరో నాకు తెలియదు. ఇందులోని ప్రతి మాటా నా సొంత సమయంలో, సొంత సిరాతో రాసినది. ప్రభుత్వ సిరా వేరే సీసాలో భద్రంగా ఉన్నది. ఎక్కడైనా గర్వం కనిపించినచో అది పల్నాటిలో పుట్టినందువల్ల సంక్రమించినదే గాని ఉద్యోగం వల్ల వచ్చినది కాదని మనవి.

6 ఏప్రిల్ 1987, సోమవారం

నరసరావుపేట సబ్ ఆఫీసులో ప్లానింగ్ అసిస్టెంటుగా చేరాను. నేను వచ్చాను. నా కుర్చీ వచ్చే నెలలో వస్తుందట.

మహానగర ప్రాంత అభివృద్ధి ప్రణాళిక డ్రాఫ్ట్ చదివాను. నగరం ఎటు పెరగాలో నగరానికి ముందుగా తెలియజేసే గ్రంథమిది. మ్యాప్ మీద ఒక ఎర్రగీత ఉంది. గీత లోపలి ఊళ్ళకు మంచినీళ్ళ పైపు, బస్‌స్టాపులో నీడ, రోడ్డు వెంట చెట్లు. గీత బయటి ఊళ్ళకు శుభాకాంక్షలు.

గీత నరసరావుపేట దాటి కాస్త పడమటికి వచ్చి, అలసిపోయినట్టుగా వెనక్కి తిరిగింది. రెంటచింతల, మాచర్ల బయటే ఉండిపోయాయి.

తొమ్మిదో అధ్యాయం శీతోష్ణస్థితి గురించి. భూమి వేడెక్కుతున్నదనీ, పాతికేళ్ళలో నగరపు ఎండ ఇప్పటి రెంటచింతల ఎండను అందుకోవచ్చనీ అంచనా వేశారు. చదివి ఛాతీ పొంగింది. నగరం అంత కష్టపడి చేరుకోబోయే చోట మావాళ్ళు తాతల నాటినుంచీ కాపురాలు చేస్తున్నారు.

9 ఏప్రిల్

డిప్యూటీ డైరెక్టర్ అమరేశ్వరరావు గారికి ఒక నోట్ పెట్టాను. నగరానికి మే నెలలో వచ్చే వడగాలి మా పడమటి నుంచే వస్తున్నది. గాలిని పంపుతున్న ప్రాంతాన్ని వదిలేసి గాలికి ప్రణాళిక రాయడం శాస్త్రీయం కాదు. కనుక గీతను రెంటచింతల దాకా జరపవలెను.

ఆయన నోట్‌ను రెండుసార్లు చదివి, ఏమోయ్, గాలికి కూడా హద్దురాళ్ళు పాతమంటావా అన్నారు. కోపంగా కాదు. ఆయన మంచివారు. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి ఉండదగిన మంచితనమంతా ఆయనలో ఉంది.

14 ఏప్రిల్

రెంటచింతల వెళ్ళాను. బస్సు దిగిన చోటుకు బస్‌స్టాప్ అని పేరు. ఒక మైలురాయి, ఒక సోడా బండి, మిగిలినదంతా ఎండ.

సోడా బండి ఖాతూన్ బీది. ఇదివరకు ఆమె భర్త అలీ సాహెబ్‌ది. పోయిన మే నెలలో ఆయన సోడా సామాను తేవడానికి మాచర్ల వెళ్దామని ఇక్కడే నిలబడ్డాడు. బస్సు ఆలస్యమైంది. ఆ రోజు ఆమె ఇంట్లో ఉంది, బండి మూసి ఉంది. బస్సు వచ్చేసరికి ఆయన మైలురాయి పక్కన పడి ఉన్నాడు. వడదెబ్బ అన్నారు.

నేను ఏ ఆఫీసు నుంచి వచ్చానో చెప్పాను. ఆమె సోడా కొట్టి ఇచ్చి, డబ్బులొద్దంది. "మేడలు కట్టేది మీకు చేతనైద్దో లేదో నాకు తెలవదు బాబూ. ఈడ ఒక చెట్టు, ఒక కుళాయి. అంతే. నా మొగుడు నిలబడ్డ కాడ ఇంకోడు పడగూడదు" అంది.

ప్రణాళిక మూడు సంపుటాలు. అందులో ఇంత స్పష్టమైన వాక్యం నాకు దొరకలేదు.

తరువాత సర్పంచ్ బాలశౌరిని కలిశాను. ఆయన బాధ వేరు. నిన్న రేడియోలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ వేరే ఊళ్ళో కాసిందని చదివారట. "ఏంది సారూ ఈ అన్యాయం? నిన్న మా గేదె నీళ్ళతొట్టిలోంచి బయటికి రానంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల?" అన్నాడు. మేలో చూసుకుందామని ఓదార్చాను.

27 ఏప్రిల్

పట్టు విడవలేదు. అమరేశ్వరరావు గారు మెత్తబడ్డారు. మే పన్నెండున బృందంతో రెంటచింతల వస్తారు. ఎండ తీవ్రంగా ఉన్నట్టు నమోదైతే గీత జరుపుతారు.

ఆ ఊళ్ళోనే వాతావరణ కేంద్రం ఉంది కదా, రోజూ కొలుస్తారు కదా అని అడిగాను. అది వేరే శాఖ అన్నారు. వేరే శాఖ ఎండ మన ఫైలులో చెల్లదు. మన థర్మామీటరు మీద, మన సంతకంతో కాయవలెను.

5 మే

రెంటచింతలలో నలభై ఐదు. రేడియోలో మనమే ఫస్ట్. బాలశౌరి బస్సు డ్రైవరు చేత నాకు కబురు పంపించాడు.

10 మే

బాలశౌరి నరసరావుపేట వచ్చాడు. ఆఫీసర్లు వచ్చే రోజు మీరు ఏమీ చేయకూడదని ఖండితంగా చెప్పాను. మీ ఊరు మామూలుగా ఎట్లా ఉంటుందో అట్లాగే ఉండాలి. అట్లాగే సారూ, మామూలుగానే ఉంటాం అని మాట ఇచ్చాడు.

మాట నిలబెట్టుకుంటాడు. పల్నాటి మనిషి.

12 మే, సాయంత్రం ఆరు గంటలు

మాట నిలబెట్టుకున్నాడు. అదే వచ్చిన చిక్కు. పదిమంది పెద్దమనుషులు ఇంటికి వస్తున్నారంటే ఆ ఊరు మామూలుగా ఏం చేస్తుందో అదే చేసింది.

జీపు దిగేసరికి మైలురాయి కనపడలేదు. సోడా బండి కనపడలేదు. ఆకాశం కూడా కనపడలేదు. రోడ్డు పక్క పొడుగునా తాటాకు పందిరి. చుట్టూ తడిపిన గోనెపట్టాలు కట్టి, వాటిమీద ఇద్దరు చెంబులతో నీళ్ళు చల్లుతున్నారు. కింద తడి ఇసుక. పడమటి గాలి ఆ పట్టాలలోంచి దూరి లోపలికి వచ్చేసరికి ఎవరో బుద్ధి చెప్పి పంపినట్టుగా ఉంది. కొత్త కుండల్లో మజ్జిగ. తాటిముంజలు. చెన్నమ్మ అనే పెద్దావిడ అమరేశ్వరరావు గారిని నాయనా అని పిలిచి, ముంజ ఒలిచి చేతిలో పెట్టింది. నాకు తెలిసినంతలో ఆయనను ఆఫీసులో ఎవరూ నాయనా అని పిలవలేదు.

అటెండర్ మహమూద్ థర్మామీటరు పట్టుకుని నా వంక చూశాడు. ఎండలోకి చేయి చూపించాను. వెంటనే ఎవరో అతని భుజం పట్టుకుని, "ఒరేయ్ అబ్బాయా, మాడిపోతావు, లోపలికి రా" అని థర్మామీటరును పందిరి గుంజకు తగిలించారు.

ముప్పై ఆరు.

అమరేశ్వరరావు గారు మూడో గ్లాసు మజ్జిగ తాగి, కళ్ళు మూసుకుని రిపోర్ట్ చెప్పారు: వాతావరణం ఆహ్లాదకరం. గాలి చల్లన. ప్రజలు ఉల్లాసంగా ఉన్నారు. ప్రత్యేక చర్యలు అవసరం లేదు. సంతకం చేశారు. తరువాత నిజంగా నిద్రపోయారు.

నేను బాలశౌరిని పక్కకు లాగి నిలదీశాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "ఇంటికొచ్చినోళ్ళని ఎండలో నిలబెట్టి, చూడండయ్యా మా కర్మ అని ఏడవమంటావా? మీ పేటలో అట్టా జేస్తారేమో. మా ఊళ్ళో చెయ్యం" అన్నాడు.

గోనెపట్టాలు తడుపుతున్న ఇద్దరిలో ఒకరు ఖాతూన్ బీ. నువ్వు కూడానా అన్నాను. ఆమె చెంబు దించలేదు.

"ఆ పొద్దు ఆయనకి ఎవురూ నీడ పట్టలా బాబూ. అందుకని ఈళ్ళని గూడా నిలబెట్టమంటావా, ఎట్టా ఉంటదో చూడండని?"

 

13 మే

సెలవు పెట్టాను. కారణం అన్న చోట ఆహ్లాదకర వాతావరణం అని రాశాను. మంజూరైంది.

15 మే

మళ్ళీ రెంటచింతల. ఊళ్ళో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో పొలాల బావుల దారి పట్టి పోతున్నారు. ఏమైందని అడిగితే ఎవరూ చెప్పలేదు. చివరకు చెన్నమ్మ చెప్పింది. పందిరికీ గోనెలకీ చల్లినవి పంచాయతీ ట్యాంకులో వారానికని దాచుకున్న తాగే నీళ్ళు.

ఆ మాట ఆఫీసర్లకు ఎందుకు చెప్పలేదు అన్నాను. చుట్టాలకి చెప్పే మాటేనా అది, అని నన్ను కోప్పడింది. పోయేటప్పుడు మజ్జిగ ఇచ్చింది. తాగాను. తాగకపోతే ఇంకా కోప్పడేది.

18 మే

ఆఫీసులో పాత పేపర్లు తిరగేశాను. పన్నెండో తేదీన రెంటచింతల ఎండ: నలభై ఆరు. అదే వేళ, అదే ఊరు, మా శాఖ సంతకంతో: ముప్పై ఆరు.

తొమ్మిదో అధ్యాయం మళ్ళీ తెరిచాను. కోట్లు ఖర్చుపెట్టి, వలయాకారపు వనాలు పెంచి, 2001 నాటికి నగరంలో రెండు డిగ్రీలు తగ్గించాలని మా లక్ష్యం. రెంటచింతల తాటాకులతో, గోనెలతో, తన గొంతు ఎండబెట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో పది తగ్గించింది.

రెండో నోట్ రాశాను. ఆ పది డిగ్రీలకు అయిన నీళ్ళెన్నో, అవి ఎవరివో కూడా రాశాను. నా ఉద్యోగ జీవితంలో ఇంత పొగరుగా ఏదీ రాయలేదు. భాష మాత్రం అత్యంత వినయంగా ఉంది.

29 మే

నగరంలో కమిటీ సమావేశం. అమరేశ్వరరావు గారు తన రిపోర్టునూ నా రెండో నోట్‌నూ ముందు పెట్టుకున్నారు. ముప్పై ఆరు తప్పంటే సంతకం తనది. ఒప్పంటే ఊరిది ఘనత. తరువాత గొంతు సవరించుకుని, ఈ చల్లబరిచే పద్ధతిని తానే స్వయంగా క్షేత్ర పరిశీలనలో కనుగొన్నానని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. తొమ్మిదో అధ్యాయంలో 'రెంటచింతల పద్ధతి' అనే శీర్షిక చేరింది. మహానగరం మా పల్నాటి ఊరి దగ్గర నేర్చుకోబోతున్నది. అధికారికంగా.

ఇక గీత సంగతి. రెండు అంకెలకు పొంతన లేనందున మరోసారి పరిశీలించి నిర్ణయిస్తారు. అధికారుల సౌకర్యం దృష్ట్యా పునఃపరిశీలన డిసెంబరు రెండో వారంలో.

1 జూన్

ఖాతూన్ బీకి చెప్పాను. డిసెంబరులోనా, అంది. నవ్వింది. ఆమె నవ్వగా చూడటం ఇదే మొదలు. "అప్పుడైతే దుప్పట్లు ఇద్దాంలే బాబూ."

బాలశౌరిని ఈసారైనా ఊరుకోమని బతిమాలాను. ఆలోచించి, మజ్జిగ మాత్రం ఇస్తాం అన్నాడు. అంతకన్నా దిగనన్నాడు. ఈ మొండితనాన్ని ఏ సంపుటంలో చేర్చాలో తెలియదు గాని, చేర్చదగినది.

4 జూన్

కమిటీకి నేను దాఖలు చేసిన పత్రం నకలు.

డిమాండు సంఖ్య 1. పునఃపరిశీలన డిసెంబరులో గాక వచ్చే మే నెలలోనే, మధ్యాహ్నం పూట జరుపవలెను. అధికారులు థర్మామీటరుతో సహా అలీ సాహెబ్ నిలబడిన మైలురాయి పక్కన, గొడుగు లేకుండా, మాచర్ల బస్సు వచ్చేదాకా నిలబడవలెను. అంకె అప్పుడు రాసుకొనవలెను. మజ్జిగ ఆ తరువాత ఇవ్వబడును.

డిమాండు సంఖ్య 2 లేదు.