నా గొడుగు ఎవరు తీశారర్రా

అత్తయ్యకు,

మీ మేనకోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమమే. నా గొడుగు సంగతే తెలియదు.

పరాయి దేశం, కొత్త బడి, లెక్కల టీచరుద్యోగం అని ఎంత సంబరపడి వచ్చానో మీకు తెలుసు. ఉంచుకుంటారో ఇంటికి పంపేస్తారో ఈ టర్ము ఆఖరుకి తేలుతుంది. అందుకని నోరు మూసుకుని అన్నీ భరిస్తున్నాను. ఇక్కడ టీచరొస్తే పిల్లలు లేచి నిలబడరు. హెడ్మాస్టరు గారు స్వయంగా చీపురు పట్టి వరండా ఊడుస్తారు. మొదటిరోజు ఆయన్ని అటెండరనుకుని టీ తెమ్మన్నాను. తెచ్చారు.

కానీ దొంగతనం ఎలా భరించను? మొదట గొడుగు పోయింది. తర్వాత టిఫిన్ డబ్బా మూత. నిన్న కళ్ళజోడు. ఎవరు తీశారర్రా అంటే క్లాసు మొత్తం నవ్వుతోంది. ఒక్కళ్ళ మొహంలోనూ తప్పు చేసిన జాడ లేదు. పక్క గది సైన్సు మాస్టారూ నాలాగే కొత్త. ఆయన పెన్ను కూడా ఎవరూ ముట్టుకోరు. లోకువకి నేనే దొరికాను.

వానలో తడుస్తూ,
మీ మేనకోడలు

తా.క. ఈ ఉత్తరం రాస్తున్న పెన్ను సైన్సు మాస్టారిది.

తింగరిపిల్లకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ముప్పయ్యేళ్ళుగా హెడ్ మిస్ట్రెస్‌గా ఉన్నాను, నా బల్ల మీద సుద్దముక్క తాకిన పిల్ల లేదు. మేకుకి నా బెత్తం వేలాడుతుంటే చాలు, వరండాలో కాకి కూడా అరవదు.

నువ్వు మెత్తగా ఉన్నావు, వాళ్ళు నెత్తికెక్కారు. రేపే బోర్డు మీద పెద్దక్షరాలతో రాయి: నా వస్తువులన్నీ నాకు తిరిగిచ్చెయ్యండి. రాసి, నవ్వకుండా నిలబడు.

ఇట్లు, ఒళ్ళు మండుతున్న
అత్తయ్య

తా.క. హెడ్మాస్టరు చేత టీ తెప్పించుకున్నావా. మీ మావయ్య చేత మంచినీళ్ళు తెప్పించుకోవడానికే నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది.

అత్తయ్యకు,

వెయ్యి దండాలు. మీ మందు పనిచేసింది. బోర్డు మీద రాయగానే క్లాసంతా గప్‌చుప్. ఒకమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కరగలేదు.

మర్నాడు అన్నీ బల్ల మీద ఉన్నాయి. గొడుగుకి విరిగిన పుల్ల బాగుచేశారు. డబ్బా మూత తళతళా తోమారు. పోయిందని నేనే గమనించని చేతిరుమాలు ఇస్త్రీ చేసి పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి వంగి నమస్కారం పెట్టి వెళ్ళారు. భయమంటే అలా ఉండాలి.

గొడుగు కింద నుంచి,
మీ మేనకోడలు

తా.క. సైన్సు మాస్టారి సంచి పిల్లలే సర్ది గేటు దగ్గర పెట్టారట. ఎంత మర్యాదో. ఆయన పొంగిపోతున్నారు.

బంగారుకొండకి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. ఇక నీకు ఢోకా లేదు. మన బడిలో నీ పాత పోస్టు ఇన్నాళ్ళూ నీకోసం అట్టిపెట్టాను. నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను కదా, అందుకని నిన్న పోస్టుమాస్టరు గారి కోడలికి ఇచ్చేశాను. మంచి పిల్ల, నన్ను చూస్తే వణుకుతుంది.

గర్వంతో,
అత్తయ్య

తా.క. నా వీడ్కోలు సభలో ఎవరు మాట్లాడతారని అడిగితే ఒక్క పిల్లా ముందుకు రాలేదు. అంత భయభక్తులు.

అత్తయ్యా,

కొంప మునిగింది. హెడ్మాస్టరు గారు పిలిచి, కుర్చీ వేసి, అడక్కుండానే టీ తెచ్చి, "మీరు వెళ్ళిపోవడం మాకు చాలా బాధగా ఉందమ్మా" అన్నారు. ఎక్కడికండీ అన్నాను. "మీరేగా బోర్డు మీద రాశారు" అన్నారు.

ఇక్కడ పిల్లలు, వెళ్ళొద్దనుకున్న టీచరు వస్తువులు దాచేస్తారట, అవి వదిలి ఎలా వెళ్తారులే అని. వద్దనుకుంటే సంచి సర్ది గేటు దగ్గర పెడతారట. సైన్సు మాస్టారు నిన్న వెళ్ళిపోయారు. నా వస్తువులు నేనే అడిగాను కాబట్టి సెలవిమ్మన్నట్టేనట. ముందే చెప్పలేదేమండీ అంటే "ఇది కూడా చెప్పాలా" అని ఆయనే తెల్లబోయారు. నేను వెళ్ళనండీ అన్నాను. "పిల్లలు ఇచ్చేశాక నా చేతిలో ఏముందమ్మా" అన్నారు.

నన్ను అంత ఇష్టపడ్డ పిల్లల్ని దొంగలన్నాను. ఆ ఏడ్చిన పిల్ల మొహం గుర్తొస్తే అన్నం సహించడం లేదు. అక్కడ పోస్టు లేదు, ఇక్కడ చోటు లేదు. రేపు ఆఖరి క్లాసు. గొడుగు, డబ్బా, కళ్ళజోడు అన్నీ బల్ల మీద పెట్టి, అటు తిరిగి బోర్డు మీద పేద్ద లెక్క రాస్తాను. ఎన్ని చప్పుళ్ళు వినబడినా వెనక్కి తిరగను.

దిక్కుతోచక,
మీ మేనకోడలు

తా.క. ఉత్తరం పోస్టు చెయ్యకముందే ఆ ఆఖరి క్లాసు అయింది. లెక్క రాసి తిరిగి చూస్తే బల్ల మీద ఒక్క వస్తువు లేదు. బల్ల కూడా లేదు. హెడ్మాస్టరు గారు వచ్చి, ఖాళీ గది చూసి, ఉద్యోగం ఖాయమన్నారు. ఈ ముక్క గోడకి ఆనించి రాస్తున్నాను.

నా తల్లికి,

ఆ పాడు సలహా ఇచ్చింది నేనే కాబట్టి, నీ ఉత్తరం ప్రార్థనలో పిల్లలందరి ముందూ చదివాను. బల్ల కూడా లేదన్నచోట పిల్లలు నవ్వారు. నా ఎదురుగా నవ్వడం ఇదే మొదటిసారి. ఏం చెయ్యాలో తోచక నేనూ నవ్వాను.

ఇవాళ నా ఆఖరి రోజు. సామాను సర్దుకుందామని గదిలోకి వెళ్తే మేకు ఖాళీగా ఉంది. బెత్తం లేదు. ముప్పయ్యేళ్ళలో నాది ఒక్క వస్తువు కూడా ఎవరూ దాచలేదు. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను. ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే తిరిగిచ్చేస్తారు కదా.

ఇట్లు,
మాజీ హెడ్ మిస్ట్రెస్, నీ అత్తయ్య

తా.క. బడి వంటమనిషి ఇప్పుడే వచ్చింది. బెత్తం పొయ్యిలో సగం కాలి కనబడిందట. నోరు మూసుకోమన్నాను. వాళ్ళు దాచారనే అనుకుంటున్నాను.