గొలుసు జరిగేదాకా ఆగే గడియారం

టబోర్ క్రీక్, నెబ్రాస్కా
నవంబరు, మొక్కజొన్న కోతల ఆఖరి వారం

లూప్ లోయ కాలేజీల ఫుట్‌బాల్ సమాఖ్యలో రెఫరీల పైఅధికారి గ్రాంట్ బ్రాండ్‌వోల్డ్ గారి సముఖమునకు ఎర్లీన్ హ్రూష్కా పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆట ఆఖరి నిమిషంలో గడియారం రూలును మైదానంలోనే ఆటగాళ్లకు నోటితో చెప్పించాలని; మా అబ్బాయి కోల్బీ కాలు విరిగిన ఆటను మీరు తయారుచేస్తున్న రూల్స్ వీడియోలోంచి తీసివేయాలని.

1. నేను పందులు పెంచుకుని బతికే మనిషిని. ఆట సంగతి నాకు తెలియదని ఫోనులో తమరు అన్నారు. కోల్బీకి పదేళ్లప్పటినుంచీ చలిలో ఇనుప బెంచీమీద కూర్చుని చూస్తున్నాను. ఇంకా తెలియకపోతే అది నా తప్పు కాదు. శుక్రవారం హైస్కూలు ఆటలో జట్టు పది గజాలు సాధించిన ప్రతిసారీ, ఆ గజాలు కొలిచే గొలుసు పట్టుకున్నవాళ్లు ముందుకు జరిగేదాకా గడియారం ఆగుతుంది. ఆదివారం టీవీలో వచ్చే పెద్ద ఆటలో అసలు ఆగదు. మధ్యన శనివారం మీది. మీ కాలేజీ ఆటలో ఒకప్పుడు ఆటంతా అలాగే ఆగేది. ఇప్పుడు చివరి రెండు నిమిషాల్లోనే ఆగుతుందట. అదెప్పుడు మారిందో మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. మా పాత ట్రాక్టరు కూడా ఇంతకంటే పద్ధతిగా ఆగుతుంది.

2. ఆఖరి నిమిషంలో ఆటగాడు దెబ్బతగిలి పడిపోయి, కేవలం అందువల్లనే గడియారం ఆగితే, ఎదుటి జట్టు కోరిక మీద మిగిలిన ఆటలోంచి పది సెకన్లు కోసివేస్తారు. ఈ రూలులో 'పడితే పది పోతాయి' అన్నంతవరకు అందరికీ తెలుసు. 'కేవలం అందువల్లనే' అన్న ముక్క మీ పుస్తకంలోనే ఉండిపోయింది.

3. అక్టోబరు ఆఖరి శనివారం మా జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆట ఆపమని అడిగే అవకాశాలు అయిపోయాయి. పంతొమ్మిది సెకన్లు మిగిలాయి. కోల్బీ బంతి అందుకుని, పది గజాల గుర్తు దాటి పడ్డాడు. వాడిమీద ముగ్గురు పడ్డారు. ఆ ముగ్గురూ లేచారు. వాడు లేవలేదు. నా వెనక వరసలో ధాన్యం గోదాము నార్బర్ట్ షిమెక్ బెంచీ ఎక్కాడు.

"లేరా కోల్బీ! పడుకుంటే పది పోతాయిరా!"

"వాడి కాలు చూడు నార్బర్ట్," అన్నాను.

"కాలు ఎక్కడికి పోతుంది ఎర్లీన్! ముందు గడియారం చూడు!"

జనమంతా అదే అరుపు. ముప్పై ఏళ్లుగా కోచ్‌గా ఉన్న వెండెల్ గారు కూడా గీత దగ్గర నిలబడి అదే అరిచారు.

4. మీ రెఫరీ కోల్బీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాడు. వాళ్లిద్దరి మాటలు ఆసుపత్రిలో కోల్బీ నాకు చెప్పాడు.

"సార్, నేను లేవకపోతే పది పోతాయా?"

"అది నేను చెప్పకూడదబ్బాయ్. ఆడతావా, బయటికి పోతావా? తేల్చు."

వాడు లేచాడు. ఒంటికాలిమీద గెంతుకుంటూ వెళ్లి వరసలో నిలబడ్డాడు. మళ్లీ నడవడం మొదలెట్టిన గడియారం ఆపడానికి మావాళ్లు బంతిని నేలకు కొట్టారు. ఆ కాస్తలోనే ఎదుటివాడొకడు వచ్చి కోల్బీని గుద్దాడు. అంతకుముందు చీలిన ఎముక ఈసారి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. వాడిని మోసుకుపోయాక మావాళ్లు బంతిని గుంజల మధ్యకు తన్నారు. దానికి మూడు పాయింట్లు. గెలిచారు.

5. ఆపై మంగళవారం తమరికి ఫోను చేశాను. తమరు సెలవిచ్చినది మరచి ఉంటారేమోనని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

"మీవాడు పది గజాలు దాటాడు కదమ్మా. గొలుసు జరపడానికి గడియారం అప్పటికే ఆగింది. దెబ్బవల్ల కాదు. పది కోసే ప్రశ్నే లేదు."

"అంటే పడుకుని ఉండొచ్చా?"

"హాయిగా పడుకోవచ్చు. పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఎవరూ చదవరు, అదీ బాధ. అందుకే మీవాడి ఆటను వీడియోలో పెడుతున్నాం. ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు."

హాయిగా అన్న మాట తమరిదే. మొదటి చీలికకు కట్టు సరిపోయేదని డాక్టరు అన్నాడు. ఇప్పుడు మోకాలి నుంచి చీలమండ దాకా ఇనుప కడ్డీ ఉంది. నడుస్తాడట. పరిగెత్తడట.

6. పై కారణములచేత కోరునది: ఆఖరి నిమిషంలో ఎవరు పడినా, పక్కనున్న రెఫరీ "గడియారం ఆగింది, కదలకు" అని పైకి చెప్పేలా ఉత్తర్వు ఇవ్వాలి. అలా చెప్పకూడదని రాసిన పెద్దమనిషి పేరు, ఆయనకు పిల్లలున్నదీ లేనిదీ కూడా తెలియజేయాలి.

7. ఇక వీడియో. మా ఊరి కిరాణా కొట్టు బోర్డుమీద కోల్బీ పేరు పెట్టారు. నార్బర్ట్ రెండురోజులకోసారి వాళ్లావిడ చేసిన కొలాచీలు, పండ్లముద్ద పెట్టిన తీపి రొట్టెలు, పట్టుకొస్తాడు. "ఆ పది సెకన్లు నువ్వు కాపాడావురా, లేకపోతే ఎక్కడి గెలుపు!" అంటాడు. వెండెల్ గారూ వచ్చి అదే అన్నారు. ఆయనకు ఇప్పుడు అసలు సంగతి తెలుసు. నా మొహం చూడకుండా అన్నారు.

నిన్న కోల్బీ సోఫాలో కాలు చాపుకుని అడిగాడు.

"అమ్మా, నేను లేవకపోతే ఓడిపోయేవాళ్లం కదా?"

"సూపు చల్లారుతోంది, తిను," అన్నాను.

తమ రూలు తమరు ఎవరికైనా స్పష్టం చేసుకోండి. మా అబ్బాయికి స్పష్టం చేసే అధికారం తమకు లేదు. ఆ ఆటను తీసివేసి ఇంకో ఆట పెట్టుకోవలెను. తమ దగ్గర ఉదాహరణలకు కొరత ఉండదు.

చదివి చిత్తగించవలెను. ఒకసారితో సరిపెట్టవద్దు, తమ రూలు నేను నాలుగుసార్లు చదివాను.

విధేయురాలినని రాయడం ఆనవాయితీ గనక రాస్తూ,
ఎర్లీన్ హ్రూష్కా

తా.క. జవాబు మా ఇంటికి పంపవద్దు. చంకకర్రలతో పోస్టు డబ్బా దాకా రోజూ నడవమన్నాడు డాక్టరు. ఉత్తరాలు తెచ్చేది కోల్బీయే. ఊళ్లోని దాణా కొట్టు చిరునామా కవరు వెనక రాశాను, అక్కడికి పంపండి. మీ ఆఫీసు కవర్లమీద ఫుట్‌బాల్ బొమ్మ ఉంటుందట. అది లేని కవరులో పంపండి.