పాత లాగులు తీసేయండి

మిర్యాలగూడ,
సోమవారం.

చిరంజీవి రాజ్‌కుమార్‌కు,

పుల్లయ్య ఆశీస్సులు. మా పెళ్లిసంబంధాల కేంద్రంలో అందరం బాగున్నాం, నువ్వు సూర్యాపేట నుంచి వచ్చి లైనక్స్ ఎక్కించి వెళ్లిన కంప్యూటర్ తప్ప.

మాడుగులపల్లిలో లహరి అని ఒక అమ్మాయి ఉంది. వ్యవసాయ శాఖలో పని. బంగారంలాంటి పిల్ల, కానీ ఫోటోలో మాత్రం ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఆ ఫోటో చూసి టీ కూడా తాగకుండా లేచిపోతున్నారు. మొన్న కొత్త ఫోటో తీయించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. "సార్, గిదే ఆఖరు. గిది గూడ నచ్చకపోతే నా పేరు కొట్టేయుండ్రి" అన్నది. అనేటప్పుడు నా వైపు చూడలేదు. ఆ ఫోటోను లోపల దాద్దామంటే కంప్యూటర్ "స్థలం లేదు" అని ఇంగ్లిష్‌లో చెబుతోంది. గురువారం కోదాడ నుంచి మంచి సంబంధంవాళ్లు వస్తున్నారు.

స్థలం లేదంది కనుక బీరువాను వాకిట్లోకి జరిపించాను. అయినా అదే మాట. కంప్యూటర్‌నే ముందు హాల్లోకి మార్పించాను. ఇప్పుడు దాని చుట్టూ నలుగురు పడుకోవచ్చు. అయినా అదే మాట.

నీకు ఫోన్ చేస్తే "సూడు, కొట్టు" అన్నావు. చూశాను. కొట్టాను. డబ్బాకు ఎడమవైపు సొట్ట పడింది. నా చెవుల సంగతి నీకు తెలుసు కనుక ఇకపై ఉత్తరం రాసి బస్సులో పంపు. వాట్సాప్ వద్దు. అందులో ఏది వచ్చినా గుడ్ మార్నింగుల కింద పడి కనబడదు.

ఇట్లు,
పుల్లయ్య

తా.క. ఇంకోసారి కొట్టాలంటే ఏ వైపు కొట్టాలో రాయి.

*

సూర్యాపేట,
సోమవారం సాయంత్రం.

పుల్లయ్య గారికి నమస్కారం.

నేను అన్నది సూడు కాదు, సుడో. ఆజ్ఞకు ముందు పెట్టే మాట అది. "ఇది యజమాని మాట, వినాలి" అని యంత్రానికి చెప్పడం. కొట్టడమంటే కీబోర్డు మీద టైపు చేయడం. డబ్బాను ఏ వైపూ కొట్టనక్కర్లేదు.

స్థలం లేనిది గదిలో కాదు, డిస్కులో. ముందు డి, ఎఫ్ అనే రెండు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. ఎక్కడ ఎంత నిండిందో శాతాల్లో చూపిస్తుంది. నా అనుమానం ఏమిటంటే, పాత లాగులు పేరుకుపోయి ఉంటాయి. చాలామంది ఈ విషయం పట్టించుకోరు. వారం దాటినవన్నీ తీసేయండి. వాటిని మళ్లీ ఎవరూ చూడరు. బోలెడు స్థలం వస్తుంది. కొట్టాల్సిన ఆజ్ఞను ఇంగ్లిష్ అక్షరాల్లో చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి.

ఉంటాను,
రాజ్‌కుమార్

తా.క. బీరువా లోపల పెట్టుకోవచ్చు.

*

మిర్యాలగూడ,
మంగళవారం.

చిరంజీవి రాజ్‌కుమార్‌కు,

డి ఎఫ్ కొట్టాను. నూటికి నూరు వచ్చింది! ఇంత పాత డబ్బాకు అన్ని మార్కులు వస్తాయని నేను అనుకోలేదు. మా ఇంటావిడ కన్యకకు చూపిస్తే ఆవిడ కూడా సంతోషించింది.

లాగుల సంగతి సూర్యాపేటలో కూర్చుని ఎలా కనిపెట్టావో గాని, నిజమే. బీరువా నిండా అవే. వారం దాటినవి తీసేయమన్నావు. మా ఇంట్లో అన్నీ వారం దాటినవే. కన్యక వాటిని మూటగట్టి స్టీలు సామాన్ల ఆమెకు ఇచ్చి ఒక పెద్ద గిన్నె తీసుకుంది. దాని మూత కోసం చాలాసేపు బేరమాడింది. ప్రస్తుతం నేను పంచెలో ఉన్నాను. నువ్వన్నట్టే బీరువాలో బోలెడు స్థలం వచ్చింది. కంప్యూటర్‌లో మాత్రం ఇంకా రాలేదు.

ఇక చీటీ సంగతి. పాస్‌వర్డ్ అడగగానే కీబోర్డు చచ్చిపోయింది. ఏ అక్షరం నొక్కినా తెర మీద ఏమీ పడదు. కొత్తది తెప్పించాను. అదీ చచ్చిందే. దుకాణంవాడితో గొడవపడి మార్పించాను. మూడోదీ అంతే. వాడు నన్ను కిందా మీదా చూసి, "సేటూ, నీ చేతులల్లనే ఏదో ఉన్నది" అన్నాడు.

గురువారం దగ్గరికొచ్చింది. లహరి పొద్దున ఫోన్ చేసి ఫోటో ఎక్కిందా అని అడిగింది. ఎక్కుతోందని చెప్పాను.

ఇట్లు,
పుల్లయ్య

తా.క. పాత చీరలకు కూడా ఏమైనా ఆజ్ఞ ఉందా అని కన్యక అడుగుతోంది.

*

సూర్యాపేట,
మంగళవారం సాయంత్రం.

పుల్లయ్య గారికి నమస్కారం.

నూరు శాతం అంటే మార్కులు కాదు, గొంతుదాకా నిండిందని. లాగు అంటే యంత్రం తనకు తాను రాసుకునే దినచర్య. మీ ప్రింటర్ వైరు ఊడి ఉంటుంది. ప్రింటర్ దొరకడం లేదని అది ఆగకుండా రాసుకుంటూ పోయి డిస్కు నింపింది. ముందు వైరు పెట్టండి. లేకపోతే ఎంత తీసేసినా మళ్లీ నిండుతుంది. మీ బట్టల విషయంలో విచారిస్తున్నాను.

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద అక్షరాలు పడవు. చుక్కలు కూడా పడవు. పక్కవాళ్లు చూడకుండా అలా పెట్టారు. ఏమీ కనబడకపోయినా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. మూడు కీబోర్డులూ బాగానే ఉన్నాయి.

ఉంటాను,
రాజ్‌కుమార్

తా.క. చీరలకు ఆజ్ఞ లేదు.

*

మిర్యాలగూడ,
బుధవారం.

రాజ్‌కుమార్,

కొంప మునిగింది. వైరు పెట్టాను. కనబడని పాస్‌వర్డ్ కొట్టాను. వెంటనే తెర మీద "కన్యకకు అధికారం లేదు. ఈ సంఘటనను పైకి నివేదిస్తాం" అని పడింది. కొట్టింది నేను, పేరు ఆవిడది! పైకి అంటే ఎవరికో రాయలేదు.

పోలీసులకే అయితే, వాళ్లు ఇంటికి వచ్చేలోగా మనమే వెళ్లడం మర్యాద అని ఠాణాకు వెళ్లాను. కానిస్టేబుల్ దుర్గయ్య కుర్చీ వేశాడు.

"ఏం జేసింది సేటూ, అమ్మ?"

"ఏం జెయ్యలే. గదే జెప్పనీకె వచ్చిన."

"ఏం జెయ్యకపోతే రిపోర్టు ఎవలిచ్చిండ్రు?"

"కంప్యూటర్ ఇచ్చింది."

ఆయన తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికి వోయి అమ్మతోని రాజీ జేసుకోండ్రి" అన్నాడు.

రాజీ చేసుకుందామని జరిగిందంతా చెప్పాను. అక్కడే తప్పు చేశాను. "ఇన్నేండ్ల సంసారంల నా పేరు ఠాణా దాకా వోలే" అని త్రిపురారంలో వాళ్ల అన్నగారింటికి బస్సెక్కింది. గిన్నె, మూత కూడా తీసుకెళ్లింది.

రేపే గురువారం. ఇంట్లో కన్యక లేదు, కంప్యూటర్‌లో లహరి లేదు.

ఇట్లు,
పుల్లయ్య

తా.క. కన్యకను వెనక్కి రప్పించే ఆజ్ఞ ఉంటే అది కూడా చీటీ మీద రాయి.

*

సూర్యాపేట,
బుధవారం రాత్రి.

పుల్లయ్య గారికి నమస్కారం.

ఎవరూ ఎవరికీ నివేదించరు. ఆ మాటను కూడా యంత్రం తన దినచర్యలోనే రాసుకుంటుంది. దాన్ని చదవాల్సింది యజమాని, అంటే మీరు.

మీరు కన్యక గారి పేరుతో లోపలికి వెళ్లారు. ఆ పేరుకు ఫోటోలు చూసే అనుమతి మాత్రమే ఇచ్చాను. అధికారమంతా మీ పేరు మీద ఉంది. కావాలనే అలా పెట్టాను. రోజువారీ పనికి ఒక పేరు, మరమ్మతుకు ఒక పేరు ఉంటే పొరపాటున ఏదీ చెరిగిపోదు. బయటికి వచ్చి, మీ పేరుతో వెళ్లి, చీటీలో ఉన్నదే కొట్టండి.

చివరి బస్సు వెళ్లిపోయింది. ఇది రేపు మధ్యాహ్నానికి గాని మీకు అందదు.

ఉంటాను,
రాజ్‌కుమార్

తా.క. త్రిపురారానికి మీరే వెళ్లండి. అక్కడ ఆజ్ఞలు పనిచేయవు.

*

మిర్యాలగూడ,
ఆదివారం.

చిరంజీవి రాజ్‌కుమార్‌కు,

గురువారం కోదాడవాళ్లు పొద్దున్నే దిగారు. పెళ్లికొడుకు తిరుమలేష్, వాళ్లమ్మ. తెరంతా నల్లగా, మీద తెల్లటి అక్షరాలు. ఆవిడ కాసేపు ఓపికగా చూసి, "ఏవండీ, అమ్మాయిని చూపిస్తారా, ఈ నల్లబల్లే చూపిస్తారా?" అన్నది. నీ ఉత్తరం ఇంకా రాలేదు. చివరికి లహరికి ఫోన్ చేసి, "బిడ్డా, నీ ఫోటో ఎక్కుతలేదు, నువ్వే రా" అన్నాను.

పొలం మీది నుంచి అట్లాగే వచ్చింది, పాదాలకు బురదతో. ఈ సంబంధం కూడా పోయిందనుకున్నాను. ఆ పిల్ల వస్తూనే, బీరువా వాకిట్లో ఎందుకుందని అడిగింది. చెప్పాల్సి వచ్చింది. ఒకటి చెబితే రెండోదీ చెప్పాలి కదా. లాగుల దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుని నవ్వింది. తిరుమలేష్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. కాసేపటికి, కాళ్లు కడుక్కొస్తానని తనూ వెళ్లింది. ఎంతకీ ఇద్దరూ లోపలికి రాలేదు. వాళ్లమ్మ కిటికీలోంచి చూసి, "ఇంత కళగా నవ్వే పిల్లని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నది. ఫోటోలో దాచామని నేనెలా చెప్పను? వెళ్లేముందే మాట ఖాయం చేసుకున్నారు.

నీ ఉత్తరం ఆ తర్వాత అందింది. నా పేరుతో వెళ్లి కొట్టాను. సగానికి పైగా ఖాళీ అయింది. ఇప్పుడు అన్ని ఫోటోలూ చక్కగా తెరుచుకుంటున్నాయి. నా బాధ కూడా అదే. నిన్న ఒక కుటుంబం వచ్చి, ఉన్న ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూసి, ఒకరి ముక్కు, ఒకరి నుదురు బాగాలేదని నసిగి, ఫోన్ చేస్తామని వెళ్లిపోయింది.

కనుక నీ సలహా కావాలి. "స్థలం లేదు" అనే మాట మళ్లీ తెర మీదికి రావాలంటే ఏం చేయాలి? ఫోటో అడిగినవాళ్లకు దాన్ని చూపించి, మనుషులనే పిలిపించదలుచుకున్నాను. ప్రింటర్ వైరు పీకి చూశాను గాని, చాలా నెమ్మదిగా నిండుతోంది.

త్రిపురారం వెళ్లి కన్యకను తీసుకొచ్చాను. నీ ఉత్తరం చదివించాక దిగొచ్చింది. ప్రస్తుతం యజమాని పాస్‌వర్డ్ ఆవిడ దగ్గర ఉంది. నాకు ఫోటోలు చూసే అనుమతి ఉంది.

ఇట్లు,
పుల్లయ్య

తా.క. తిరుమలగిరి నుంచి మీ అమ్మ కమ్లి గారు ఫోన్ చేస్తే కన్యక ఎత్తింది. "మా పోరడు దినమంత ఆ డబ్బ ముంగటనే కూసుంటడు. జర ఓ సంబంధం సూడుండ్రి. ఫోటో పంపాల్నా?" అన్నదట. కన్యక వద్దన్నది. వచ్చే ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని నువ్వే రా.