ఉప్పునీళ్ల గ్లాసులు

మంగళవారం రాత్రి, నర్సీపట్నం

ఈ రోజు కూడా ఒక్క పురుగూ పడలేదు.

రోలుగుంట దాటాక, అడవి అంచున మూతి వరకూ నేలలో పాతిపెట్టిన ప్లాస్టిక్ గ్లాసులన్నీ తీసి చూశాను. నేల మీద పరుగెత్తే నల్ల పెంకుపురుగులు వాటిలో జారిపడాలి. నిరుడు ఇదే రోజుల్లో గ్లాసు పైకి తీస్తే లోపల నల్లగా తేలుతూ కనబడేవి. ఇప్పుడు ఉప్పునీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. తల పైన చివుళ్లను మాత్రం గొంగళిపురుగులు జల్లెడ చేసేశాయి. వాటిని తినే ఈ పెంకుపురుగులు లేవుగా మరి.

పక్క జీడితోటలో పైడితల్లమ్మ పిక్కలేరుతోంది. రాలిన పిక్క కనబడాలని చెట్ల కింద ఆకులూడ్చి కాల్చడం వీళ్లకు మామూలే. ఈ ఏడు గడ్డిమందు కూడా కొట్టారు. నేల నున్నగా, బోడిగుండులా ఉంది.

"ఒక్క పురుగు నేదు మేడంగారూ! ఆ గళాసుల్లో ఏటి మందెట్టారో గానీ, బాగా పన్జేసింది" అంది సంబరంగా.

నాకు ఒళ్లు మండింది. "మందు కాదమ్మా, ఉప్పునీళ్లే. నేను చంపడానికి రాలేదు, ఎన్నున్నాయో చూడ్డానికొచ్చాను" అన్నాను. నమ్మలేదు. మందు పేరు దాస్తున్నాననుకుంది.

బండి తీస్తుంటే వెనక నుంచి కేకేసింది. "అడివి లోపల కూడా ఎట్టండి మేడంగారూ! మొత్తం సుబ్బరమైపోద్ది."

లోపల ఎవరూ ఆకులూడ్వరు, మందు కొట్టరు. అక్కడా గ్లాసులు పెట్టే ఉంచాను.

పొద్దున ముందు వాటినే చూశాను. వాటిలోనూ ఉప్పునీళ్లే.