నాన్న ఆపుకున్న దగ్గు

మార్చి, ఆదివారం రాత్రి

ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకి వీధంతా దగ్గుతోంది, నాన్న తప్ప. ఛాతీలో కఫం పేరుకుంది, దగ్గకపోతే ప్రమాదమని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

పొద్దుపోతుందని మధ్యాహ్నం ఫోన్లో ఆ పాత సబ్‌మెరైన్ సీరియల్ పెట్టాను. నా చిన్నప్పుడు టీవీలో వచ్చేది. యుద్ధం రోజుల్లో తనూ సబ్‌మెరైన్‌లో పనిచేసినవాడు కాబట్టి, నాన్న తెర మీద మొహాలను తన తోటివాళ్ల పేర్లతో పిలిచేవాడు. ఈమధ్య నా పేరే మర్చిపోతున్నాడు గాని, అది చూడగానే లేచి కూర్చున్నాడు.

శత్రువుల ఓడ నెత్తిమీదకొచ్చింది. చప్పుడైతే బాంబులేస్తారని లోపలి వాళ్లంతా ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది. నాన్న గబుక్కున నా నోరు మూసేశాడు.

"ష్... పైనే ఉన్నారు!"

ఫోన్ కట్టేసినా దగ్గడే! మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు. నాకు కోపం, దాని వెనకే భయం. చివరికి చెవిలో చెప్పాను.

"ఓడ వెళ్లిపోయింది నాన్నా. మనం పైకొచ్చేశాం. ఇక దగ్గు."

"అందరం వచ్చామా?"

"అందరం వచ్చాం."

అప్పుడు దగ్గాడు, చాలాసేపు. వీపు రాస్తూ కూర్చున్నాను.

ఆ సీరియల్లో ఒక్కడూ పైకి రాడు. అప్పట్లో ఆఖరి భాగం చూసిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. ఇవాళ మాత్రం పెరుగన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు, అందరూ వచ్చేశారని...