అంతయ్యన్న తీస్కపోయిన బెంచి

అంతయ్యన్నా, దండాలే. షాబాద్‌ల బిడ్డ ఇంటికాడ అందరు మంచిగున్నరా? నువ్వు ఫోన్ ఎత్తుతలేవని వాట్సాప్‌ల రాస్తున్న. జర ఓపికతోని చదువు.

పోయే ముందు నా ఊలు దుకాణం ముంగటి బెంచి తీస్కపోయి మీ వాకిట్ల ఏసుకున్నవు. "ఆడోళ్లు అల్లేది తక్కువ, ముచ్చట్లు ఎక్కువ. నా మడిగె ఇజ్జత్ పోతున్నది" అన్నవు. మడిగె నీది, కిరాయికున్నదాన్ని నేనేమంట? కని అన్నా, అల్లిక నేర్పే సరోజమ్మ బెంచి మీద కూసోని మొదటి వరుస అల్లి చేతిల పెడితేనే మొయినాబాద్‌ల ఎవరన్న ఊలు కొంటరు. ఇప్పుడు బెంచి లేదు, సరోజమ్మ రాదు, గిరాకి లేదు. దుకాణంల ఈగలున్నయి గని, అవి స్వెటర్లు అల్లుకోవు గద.

ముచ్చట్లు బందయినయి అనుకోకు. బెంచి ఎనకనే అందరు మీ ఇంటికొచ్చిన్రు. వాకిట్ల ఎండ కొడుతున్నదని ఎంకమ్మ వదిన ఇంట్లకు పిలిచి చాయ్ పోసింది. సరోజమ్మ నీ పడక కుర్చీల కూసున్నది. కృపాజ్యోతి టీచర్ నీ మంచం నిండ ఊలు పరిచింది. "అన్న వచ్చేటాల్లకన్న లేస్తరా?" అని అడిగిన. వదిన ఏమన్నదో తెలుసా? "ఆయననే ఇంక నాల్గు దినాలు ఆడ ఉండుమను!"

నీకు మంకీ టోపీ గూడ అల్లుతున్నరు. నోటికాడ సందు ఉంచాల్నా వద్దా అని ఒకటే లొల్లి.

అందుకే అడుగుతున్న, బెంచి నా దుకాణానికి పంపుతవా? లేకుంటే వాకిట్లనే ఉండనీ. నువ్వొస్తే కూసునేందుకు అదొక్కటే ఖాళీగున్నది.

నీ కిరాయిదారు చెల్లె