సోడా నేనే వేశాను

తమ్ముడికి, అన్నయ్య దీవించి రాసేది. ఒక్క మోకాళ్లు తప్ప ఒంట్లో తక్కినవన్నీ నా మాట వింటున్నాయి.

నిన్న అల్లుడు తన షెడ్డు చూపించాడు. అరటి బోదెల నారను కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో ఉడికించి, ఆ గుజ్జుతో అట్టలు తీస్తున్నారు. నేను చదివిన పుస్తకాలు ఊరుకుంటాయా? "సోడా ఇంకాస్త పడాలమ్మా" అన్నాను. పొయ్యి దగ్గరి మేస్త్రమ్మ ఒక పోగు తీసి వేళ్ల మధ్య నులిమింది. "ఇంకాస్త పడితే పీచు చచ్చిపోతుంది తాతా. అట్ట పొడైపోతుంది. ఇంతకీ ఏ పుస్తకంలో చదివావు?" అంది. షెడ్డంతా నవ్వింది.

ముప్పై ఏళ్ల కిందట ఇలాంటి అట్టలే తీస్తూ నువ్వూ అలాగే నులిమి చూసి, చాలన్నావు. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు మరో రెండు డబ్బాల సోడా నేనే డ్రమ్ములో వేశాను. కొనడానికి వచ్చినవాళ్ల చేతుల్లోనే నీ అట్టలు పొడైపోయాయి. బావ నీకు "గుజ్జు ఇంజనీరు" అని పేరు పెడితే అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆ తర్వాత నువ్వు డ్రమ్ము కింద మంట పెట్టలేదు.

మరదలి దగ్గు తగ్గిందా? అట్టలు తీసే నీ చెక్క చట్రం అటక మీద ఉంటే పారేయకు, అల్లుడు చూస్తానంటున్నాడు. పిల్లలకు ఆశీస్సులు.

ఇది కవరులో పెట్టి పంపవచ్చు. కానీ నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను కనుక, నలుగురూ చదవగలిగే కార్డు మీద రాశాను. బావ ఇప్పటికీ ఆ కథ చెప్పి నవ్విస్తున్నాడట. ముందు ఆయన చేతికే ఇచ్చి, పైకి చదవమను.